ముప్ఫై ఆరు పళ్ళకీ బొట్టు

ఆ ఆదివారం ఉదయం ఫణికుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య గౌతమిని ఏలూరు వెళ్ళే రైలెక్కించడం, ఇంటికొచ్చి ఉప్మా తినడం, ఆవిడ సాయంత్రం తిరిగొచ్చేలోగా ఆవిడ కారు ఇంజన్లోంచి టైమింగ్ చైన్ ఊడదీసి, చూసి, మళ్ళీ బిగించెయ్యడం. ఫోన్లో చూసిన వీడియోలో ఇదంతా పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. మధ్యలో టీలకీ, తాడేపల్లిగూడెం ఎండకీ కలుపుకుని తను నాలుగు గంటలు వేసుకున్నాడు. ఇంకా మిగిలితే కారు కడిగి, ఒక కునుకు తియ్యాలని కూడా అనుకున్నాడు.

కారు గౌతమిది. పదేళ్ళనాటి పాత బండే అయినా తన జీతంతో తను కొనుక్కున్నది. ఇరవై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాక ఆవిడకి ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది. గణపవరం దాటి కొల్లేరు వైపు వెళితే చేపల చెరువుల మధ్య ఉండే ఒక ఊరి హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. ఆ ఊరికి మొదటి బస్సు పదిన్నరకి. హెడ్మిస్ట్రెస్ మాత్రం తొమ్మిదింటికి ప్రేయర్‌లో నిలబడాలి. అంచేత సోమవారం పొద్దున్న ఆ కారు కదిలి తీరాలి.

దానికొక జబ్బుంది. చలికాలంలో మొదలైంది. స్టార్ట్ చెయ్యగానే ముందు వైపు నుంచి గలగలమని మోత. వీధిలో పిల్లలు సైకిళ్ళు ఆపి మరీ వినేవారు. "రేపు ఆ గలగలతో స్కూలు గేటులోకి వెడితే, టెన్త్ క్లాసు వెధవలు నాకు సాయంత్రానికల్లా పేరు పెట్టేస్తారండీ," అని గౌతమి దిగులుపడింది. ఆ దిగులు చూసి ఫణికుమార్ మనసు కరిగిపోయింది. అనర్థాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

అతను గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. మంచివాడు, ఓపికమంతుడు. కాకపోతే ఒక్క గుణం ఉంది. ఎదుటివాళ్ళ మాట సగం వినగానే మొత్తం అర్థమైపోతుంది. మిగతా సగం వినడం టైము వేస్టని అతని అభిప్రాయం. కొల్లేటి చెరువుల మీద డీజిల్ ఇంజన్లూ ఊళ్ళో కార్లూ బాగుచేసే మెకానిక్ తోమా మొన్న వచ్చి, బానెట్ దగ్గర చెవి పెట్టి విని, "టైమింగ్ చైన్ వదులైనా అయ్యుండొచ్చు సార్, ఉత్తినే ఏదైనా లోపల పడి దొర్లుతున్నా దొర్లుతుండొచ్చు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి చూస్తాను," అన్నాడు. ఫణికుమార్‌కి "టైమింగ్ చైన్ వదులు" దాకా వినబడింది.

గౌతమికి మొగుడి సంగతి తెలియక కాదు. అతను బాగుచేసిన మిక్సీ ఇప్పటికీ మూత మీద చెయ్యి వేస్తేనే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. అందుకే రైలెక్కుతూ వేలు చూపించి చెప్పింది: "ఏవండీ, నా కారు జోలికి వెళ్ళకండి. చెయ్యి ఊరుకోకపోతే తుడవండి, అంతే."

"అలాగేలే," అన్నాడు ఫణికుమార్. ఆవిడ ఏలూరులో చెల్లెలు కుసుమ గృహప్రవేశానికి వెళ్ళింది. ఇతను మాత్రం ఆఫీసులో ఆడిట్ ఉందని చెప్పి తప్పించుకున్నాడు. ఆదివారం ఆడిట్ ఏమిటని ఆవిడ అడగలేదు. ఆ రోజు ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

ఇంట్లో ఫణికుమార్ తల్లి ఆండాళ్ళుగారున్నారు. మామూలుగా ఆవిడ జంగారెడ్డిగూడెంలో ఉంటారు. భర్త అక్కడ వేణుగోపాలస్వామి గుళ్ళో అర్చకులు. కోడలు కొత్త ఉద్యోగంలో చేరుతోందని సాయానికి బస్సెక్కి వచ్చారు. కిందటిసారి దసరాకి వచ్చినప్పుడు ఆవిడ ఇత్తడి కుంకుమ భరిణె ఈ ఇంట్లోనే మాయమైంది. పుట్టింటివాళ్ళు పెట్టిన భరిణె అది. ఎదురింటి వెంకటనరసమ్మ ఆ వేళ పూజకి వచ్చి, అది చూసి "ఎంత ముద్దుగా ఉందో పిన్నిగారూ," అందిట. ఆండాళ్ళుగారు ఎవరినీ ఏమీ అనలేదు. అనలేదు గానీ, ఈసారి వచ్చినప్పటినుంచి వెంకటనరసమ్మ నవ్వితే సగమే నవ్వుతున్నారు. కుంకుమ ఇప్పుడు మందుల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటున్నారు.

ఎనిమిదింటికి ఫణికుమార్ గేటు లోపల ఉన్న కారు బానెట్ ఎత్తాడు. ఆ పాత మోడల్లో ఇంజన్ ముందుకి తిరిగి కూర్చుంటుంది. నిలబడి చెయ్యి పెడితే అన్నీ అందుతాయి. అలా అందడమే కొంప ముంచింది. ఇంజన్ ఆయిల్ పాత పెయింటు బకెట్లోకి దింపాడు. ఉతికిన పాత పంచె అరుగు మీద పరిచి, విప్పిన ప్రతి బోల్టూ నట్టూ కిరసనాయిల్‌తో కడిగి, వరసగా పేర్చి, ఒక్కో గుంపుకి ఒక్కో కాగితం ముక్క పెట్టాడు. బెల్టు దగ్గరివి "బె.1", "బె.2", పుల్లీ దగ్గరివి "పు.4". ఆఫీసులో ఫైళ్ళకి పెట్టినట్టే.

పదింటికల్లా ముందు మూత ఊడింది. లోపల కింద ఒక చిన్న పళ్ళచక్రం, పైన ముప్ఫై ఆరు పళ్ళ పెద్ద చక్రం, రెండింటినీ చుట్టి చైను. ఈ రెండు చక్రాలూ ఒకదానికొకటి ఏ పన్ను దగ్గర ఉన్నాయో, తిరిగి బిగించినప్పుడు సరిగ్గా అక్కడే ఉండాలి. ఒక్క పన్ను తేడా వస్తే ఇంజన్ దగ్గుతుంది. నాలుగు పళ్ళు తేడా వస్తే లోపలివి లోపలివే కొట్టుకుని చస్తాయి. వీడియోలో కుర్రాడు ఈ ముక్క మూడుసార్లు చెప్పాడు కాబట్టి ఫణికుమార్‌కి కనీసం ఒకటిన్నరసార్లు వినబడింది.

కంపెనీవాళ్ళు పెట్టిన గుర్తులు పదేళ్ళ మురికిలో ఎప్పుడో పోయాయి. అతను ఆఫీసు చొక్కా జేబులోంచి వైట్నర్ తీసి నాలుగు చోట్ల గుర్తు పెట్టాడు. రెండు చక్రాల మీదా ఒక్కో పన్నుకి, వాటికి తగిలి ఉన్న చైను లింకులు రెండింటికీ. ఒక గీత అయితే చెరిగిపోతుందేమోనని అన్నిచోట్లా పక్కపక్కనే రెండేసి నిలువుగీతలు గీశాడు. ఫోటో కూడా తీశాడు. వేలికున్న నూనె కెమెరాకి అంటిన సంగతి అతనికి తెలియదు. ఆ ఫోటోలో ఇంజన్ బదులు జనవరి నెల పొద్దుటిపూట మంచు కప్పిన కొల్లేరు కనిపిస్తుంది.

చైను తీశాడు. దండెం మేకుకి తగిలించాడు. అటూ ఇటూ తిప్పి చూస్తే ఎక్కడా వదులు కనబడలేదు. "ఇది పైకి కనబడే జబ్బు కాదు," అనుకున్నాడు. ముందు మూత మళ్ళీ అతికించడానికి ఒక రకం గాస్కెట్ పేస్టు కావాలని అప్పుడు గుర్తొచ్చింది. "అమ్మా, బజారుకెళ్ళొస్తా," అని కేకేసి, స్కూటరెక్కి వెళ్ళాడు.

ఆండాళ్ళుగారు వడియాల పళ్ళెం పట్టుకుని అరుగు మీదకొచ్చారు. చూశారు. ఉతికిన పంచె మీద ఇనప సామానంతా తళతళా కడిగి వరసగా పేర్చి ఉంది. కారు బానెట్ ఎత్తి ఉంది. దండేనికి వేలాడుతున్న గొలుసు మీదా, లోపల చక్రాల మీదా తెల్లగా రెండేసి నిలువుగీతలు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. పదో తరగతి తరవాత పూజ అన్న మాట ఎత్తని కొడుకు, భార్య కొత్త ఉద్యోగానికి వెడుతోందని, ఎవరికీ చెప్పకుండా బండినీ పనిముట్లనీ పూజకి సిద్ధం చేసుకున్నాడు! తిరునామం పెట్టడం కూడా మొదలుపెట్టి, చేతకాక సగంలో వదిలేశాడు.

ఆ ఇంట్లో పుట్టినవాడికి నామం దిద్దడం రాకపోవడం ఆవిడకి కొంచెం సిగ్గనిపించింది. శ్రావణ పూర్ణిమకి తప్ప ఫణికుమార్ తెరవని, నామాలు దిద్దుకునే తిరుమణి పెట్టె దేవుడి గదిలోంచి తెచ్చుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని, కొడుకు గీసిన వంకర గీతలు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, అవి ఉన్న చోటే తెల్లగా, తీర్చినట్టు నామాలు దిద్ది, మధ్యలో ఎర్రటి గీత దించారు. తరవాత మిగతా వాటి పని పట్టారు. పెద్ద చక్రానికి ముప్ఫై ఆరు పళ్ళుంటే, నామం ఉన్నది వదిలి, ముప్ఫై అయిదింటికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. చిన్న చక్రానికి పెట్టారు. చైను లింకు లింకుకీ పెట్టారు. స్పానర్లకి పెట్టారు. పంచె మీద అడ్డంగా పడున్న కాగితం ముక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో వేసి, వాటి బదులు ఒక్కో నందివర్ధనం పువ్వు ఉంచారు.

పైన వాటాలో ఇంటి ఓనరు బాపిరాజుగారు ఉంటారు. గణపవరం దగ్గర పాతికెకరాల వరి సొంతంగా చేయించుకునే మనిషి. యంత్రాలంటే ఆయనకి భక్తి. బాల్కనీలోంచి ఇదంతా చూసి నాలుగు నిమ్మకాయలు పట్టుకుని దిగారు.

"బండి పూజ పెట్టుకుని చెప్పలేదేవిటండీ అమ్మగారూ! మా ట్రాక్టరుకైనా ఇంతేనండీ, నిమ్మకాయలు తొక్కించందే పూజ పూర్తయినట్టు కాదండీ."

"అబ్బాయి బజారుకి వెళ్ళాడండీ. ఇంజను విప్పున్నట్టుందే మరి?"

"స్టార్ట్ చేస్తే కదండీ ఇంజను! తోస్తే చాలండీ, శాస్త్రానికి."

పక్కింటి ప్రదీప్‌నీ, వాళ్ళ తమ్ముడు మనోజ్‌నీ పిలిచారు. వెంకటనరసమ్మ కొబ్బరికాయ పట్టుకొచ్చింది. ఆవిడ నవ్వింది, ఆండాళ్ళుగారు సగం నవ్వారు. బాపిరాజుగారు స్టీరింగు దగ్గర కూర్చుని హ్యాండ్‌బ్రేక్ దించారు.

ఆదివారం కావడంతో పేస్టు కోసం నాలుగు షాపులు తిరిగి, చెమటలు కక్కుతూ ఫణికుమార్ గేటు దగ్గర స్కూటరు ఆపాడు. ఆపేసరికి భార్య కారు నోరు తెరుచుకుని తన మీదకి వస్తోంది. నోట్లో ఎర్రగా, పచ్చగా ఏదో ఉంది. కిటికీలోంచి బాపిరాజుగారి తల బయటికుంది.

"ఆపండి! ఆపండీ!" అని అరిచాడు ఫణికుమార్.

"తొక్కేశాయండీ, నాలుగూ తొక్కేశాయండీ!" అన్నారు బాపిరాజుగారు ఆనందంగా. చప్పట్లు కొట్టారు. కొబ్బరికాయ పగిలింది.

ఫణికుమార్ బానెట్లోకి తొంగిచూశాడు. ఇంజను ఉండాల్సిన చోట పెళ్ళి పీటల సరంజామా ఉంది. వైట్నర్ గీతలు ఎక్కడా లేవు. పంచె వైపు చూశాడు. బె.1 లేదు, పు.4 లేదు, పువ్వులున్నాయి. దండెం మీద చైను ప్రతి లింకుకీ బొట్టుతో పేరంటానికి వచ్చిన ముత్తైదువలా వేలాడుతోంది.

"అమ్మా, ఇక్కడ నేను తెల్లగీతలు గీశాను. ఏవమ్మా అవి?"

"అవా నాయనా, తుడిచేశాను. వంకరగా ఉంటేనూ, వాటి—"

"తుడిచేశావా!" అని ఫణికుమార్ అరుగు మీద కూలబడ్డాడు. ఆవిడ మిగతా మాట అనబోయారు. అతను అప్పటికే లేచి, ఫోను పట్టుకుని, కాంపౌండు గోడ పక్కకి వెళ్ళిపోయాడు. తోమా ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. ప్రార్థనలో ఉన్నాడు.

అప్పుడు అతనికి ఇంకో భయం పట్టుకుంది. బండిని తోశారు. గేరులో ఉండగా తోస్తే కింద చక్రం తిరిగిపోయి ఉంటుంది. అంటే గుర్తులు పోవడమే కాదు, ఉన్నది ఉన్నచోట కూడా లేదు. తను పొద్దున్న గేరులో పెట్టాడా, న్యూట్రల్లో పెట్టాడా? ఎంత ఆలోచించినా అటూ అనిపిస్తోంది, ఇటూ అనిపిస్తోంది.

"బాపిరాజుగారూ, తోసేటప్పుడు గేరులో ఉందాండీ?"

"గేరు సంగతి నేను చూళ్ళేదండీ. బ్రేకు చూశానండీ. బండి మాత్రం వెన్నలా కదిలిందండీ."

"కొంచెం బరువుగానే ఉందండి," అన్నాడు ప్రదీప్.

"లేదన్నయ్యా, తేలిగ్గానే ఉంది. నువ్వు తొయ్యలేదు గదా," అన్నాడు మనోజ్.

ఈ లోపల వీధిలో సగం మంది వచ్చేశారు. పూజ అయింది, నిమ్మకాయలు అయ్యాయి, ఇక బండి స్టార్ట్ చేసి ఒక చుట్టు తిప్పాలి కదా అని అందరూ అతని మొహంలోకి చూస్తున్నారు. విప్పేశాను, బిగించడం రాదు అని చెప్పడానికి ఫణికుమార్‌కి నోరు రాలేదు. ఉన్న వీధిలోనే రేపూ ఉండాలి. నోటికొచ్చింది అనేశాడు.

"ఇప్పుడు తియ్యకూడదండీ. రాహుకాలం. అది వెళ్ళాకే తీద్దాం."

"రాహుకాలమేవిట్రా? ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు కదా!" అన్నారు ఆండాళ్ళుగారు. అర్చకుల ఇంట్లో నలభై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి ముందు అతను ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది. "అంటే అది రాకముందే తియ్యాలి. నాలుగున్నర దాటితే ఇవాళ్టికి ఇక కుదరదు. రేపు పొద్దున్నే పిల్ల తీసుకెళ్ళాలి. అందరూ నాలుగింటికల్లా రండమ్మా, పులిహోర చేస్తాను."

అందరూ సంతోషంగా వెళ్ళిపోయారు. వెంకటనరసమ్మ మాత్రం వెళుతూ వెళుతూ గౌతమికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పింది. బంధువుల మధ్య కూర్చున్న గౌతమికి, తన కారుకి తను లేకుండా ఏదో ఘనంగా జరిగిందని తప్ప మరేమీ అర్థం కాలేదు. అందులో "ఇంజను కూడా విప్పి మరీ పూజ చేశారమ్మా, ఎంత శ్రద్ధో!" అన్న ముక్క మాత్రం చెవిలో గింగిర్లు తిరిగింది.

పన్నెండున్నరకి ఫణికుమార్ ఫోను మోగింది.

"ఏవండీ, నా కారేం చేశారు?"

"తుడుస్తున్నా."

"తుడుస్తున్నారా? సరే, ఆరున్నర బండికి—"

"ఆరున్నర బండికే కదా, స్టేషనుకి కారు తీసుకొస్తాలే," అని పెట్టేశాడు. పెట్టేశాక తను ఏ కారు తీసుకెళతానన్నాడో గుర్తొచ్చింది. ఆరున్నర బండికి కాదు, ఇప్పుడే బయల్దేరుతున్నాను అని గౌతమి చెప్పిన మిగతా సగం, ఏలూరులో కుసుమ ఇంటి వరండాలోనే ఉండిపోయింది.

ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఫణికుమార్ పడ్డ బాధ చూస్తే పగవాడికైనా జాలేస్తుంది. చైను తెచ్చి చక్రాలకి పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఫోటో తెరిచి చూశాడు, కొల్లేరు కనబడింది. వీడియో పెట్టాడు. "గుర్తులు పెట్టారు కదా, ఇక భయం లేదు," అన్నాడు వీడియోలో కుర్రాడు. ఫణికుమార్‌కి ఏడుపొచ్చింది. గౌతమి తిడుతుందని కాదు. తిట్టదని అతనికి తెలుసు. ఏమీ అనకుండా రేపు పొద్దున్న ఆటో మాట్లాడుకుని, చెరువుగట్ల మీద దుమ్ము కొట్టుకుంటూ, హెడ్మిస్ట్రెస్‌గా మొదటి రోజు ఆలస్యంగా దిగుతుంది. అదీ అతని బాధ.

రెండుంపావుకి తోమా వచ్చాడు. చర్చి బట్టల్లోనే ఉన్నాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, బానెట్లోకి చూసి, ఒక్క క్షణం చేతులు వెనక్కి తీసేసుకున్నాడు.

"ముట్టుకోవచ్చా సార్?"

"ముట్టుకోవయ్యా తోమా, నీకు దణ్ణం పెడతాను. గుర్తులు పోయాయి. కాగితాలు పోయాయి. గేరులో తోశారేమో కూడా తెలీదు."

"కాగితాలు పోతే పోయాయిలెండి. ఏ బోల్టు ఎక్కడిదో దాని పొడుగే చెప్తుంది." తోమా గేరు రాడ్ కదిపి చూశాడు. అది ఊయలలా అటూ ఇటూ ఊగింది. "న్యూట్రల్లోనే ఉంది సార్. కింద చక్రం కదల్లేదు. ఇక పళ్ళ సంగతే. లెక్క కట్టి పెట్టాలి, రాత్రవుతుంది మరి."

అని, పెద్ద చక్రం వైపు చాలాసేపు చూశాడు. తరవాత చైను తీసి, చేతుల్లో జపమాలలా లింకు లింకూ జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. ఇంకొంచెం జరిపి ఇంకోచోట ఆగాడు.

"సార్, అన్నిటికీ గుండ్రటి బొట్లున్నాయి. ఈ లింకుకీ, ఈ లింకుకీ మాత్రం నామాలేవిటి? పైచక్రంలో కూడా ఒక్క పన్నుకే ఉంది. కిందా ఒక్కదానికే."

"అమ్మ ఎక్కడ పడితే అక్కడ పెట్టుంటుంది."

వంటింట్లోంచి ఆండాళ్ళుగారు పులిహోర గరిటెతో బయటికొచ్చారు. ఆ మాట ఆవిడకి రోషం తెప్పించింది.

"ఎక్కడ పడితే అక్కడ నామం పెడతారుట్రా? ఏ ఇంట్లో పుట్టావు నువ్వు? నువ్వు వంకరటింకరగా గీసిన నాలుగు చోట్లా తుడిచి, వాటి చోటే సరిగ్గా దిద్దాను. అక్కర్లేని చోట నామం పెట్టడానికి నాకేం పిచ్చా? ఆ ముక్క అప్పుడే చెబుదామంటే వినందే!"

తల్లి చేతిలో గరిటె ఉండగానే ఫణికుమార్ ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు.

తోమా నామానికి నామం ఎదురుగా పెట్టి చైను ఎక్కించాడు. అది ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. "నేను పెయింట్‌తో పెట్టినా ఇంత సూటిగా రాదమ్మగారూ," అన్నాడు. ఆండాళ్ళుగారికి కోపం పోయింది. అతనికి ఒక ఆకులో పులిహోర పెట్టి, ముందు తినమన్నారు.

తింటూ తోమా అసలు సంగతి బయటపెట్టాడు. "ఒకటి చెప్పనా సార్. ఈ చైను బాగానే ఉంది. వదులు లేదు. బిగించే భాగం కూడా గట్టిగానే ఉంది. ఆ గలగల దీనిది కాదు."

"మరి దేనిది?"

"అదే చెప్పా కదా సార్ మొన్న. ఏదైనా పడి దొర్లుతోందేమోనని."

అతను ఆ మాట చెప్పాడా లేదా అని ఫణికుమార్ ఆలోచిస్తుండగా తోమా చెయ్యి కడుక్కుని, చొక్కా విప్పి, ఇంజను కింద రేకుకున్న బోల్టులు రెండు వదులు చేశాడు. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. పట్టుచీరలో గౌతమి దిగింది. వెనకాలే, ఏం జరుగుతుందో చూసి తీరాలని గృహప్రవేశం ఇంట్లో చుట్టాలని వదిలేసి, కుసుమ దిగింది. గౌతమికి కనబడింది ఇది: నోరు తెరిచిన కారు, ముప్ఫై ఆరు పళ్ళకీ అలంకారం, అరుగు మీద పువ్వులు పెట్టిన నట్లూ బోల్టులూ, మోచేతులదాకా నూనె పూసుకున్న మొగుడు. అతని కుడిచేతి చూపుడు వేలి మీద తెల్లటి వైట్నర్.

"తుడుస్తున్నానన్నారు," అంది గౌతమి నెమ్మదిగా.

అంతలో కారు కింది రేకు వాలింది. ఏదో టంగుమని సిమెంటు మీద పడి, గలగలా దొర్లుకుంటూ వెళ్ళి, అప్పుడే గేటు దగ్గరికి వచ్చిన వెంకటనరసమ్మ కాలికి తగిలి ఆగింది. ఆవిడ వంగి తీసింది. నూనె మరకలు తుడిచింది.

"పిన్నిగారూ, ఇది మీ ఇత్తడి భరిణె కదండీ!"

దసరానాడు కారుకి బొట్టు పెడుతూ ఆండాళ్ళుగారు భరిణె బ్యాటరీ మీద పెట్టారు. ఒక్క నిమిషం ఉండరా అని ఆవిడ అంటుండగానే ఫణికుమార్, అయిపోయిందిలే అమ్మా అని బానెట్ వేసేశాడు. కొన్నాళ్ళు ఏ సందులోనో ఇరుక్కుని, చలికాలంలో రేకు మీదకి జారింది. అంతే కథ. ఆండాళ్ళుగారు భరిణె అందుకుని వెంకటనరసమ్మ మొహంలోకి చూడలేకపోయారు. తొమ్మిది నెలల అనుమానమూ, ఆ సగం నవ్వులూ ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "లోపలికి రామ్మా, కుర్చీలో కూర్చో, పులిహోర నీకే ముందు," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. ఎందుకింత ఆదరణో వెంకటనరసమ్మకి ఈ రోజుకీ తెలియదు.

గౌతమి అరుగు మీద కూర్చుంది. ఫణికుమార్ పక్కన నిలబడి, పొద్దుట్నుంచీ జరిగినదంతా, జీవితంలో మొదటిసారి, ఏదీ సగంలో వదలకుండా చెప్పాడు. ఆవిడ అంతా వింది.

"అయితే విప్పింది మీరు. గుర్తులు నిలబెట్టింది అత్తయ్యగారు. బిగించింది తోమా. జబ్బు కనిపెట్టిందీ తోమాయే. మరి ఇందులో మీరు చేసిన మంచిపని ఏవిటండీ?"

ఫణికుమార్ ఆలోచించాడు. "రాహుకాలం సంగతి ఎత్తింది నేనే," అన్నాడు.

గౌతమికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ పెదవి దాటేలోపల నవ్వైపోయింది. ఆ నూనె చేతులతో అతను ఎందుకు మొదలుపెట్టాడో ఆవిడకి తెలుసు. అందుకే చీర కొంగు ఖరాబవుతుందని కూడా చూసుకోకుండా అతని నుదుటి మీద మసి తుడిచింది. "ఇంకెప్పుడైనా ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను," అని కూడా అంది.

నాలుగింటికి వీధంతా వచ్చింది. నాలుగూ ఇరవైకి తోమా చివరి బోల్టు బిగించి, కొత్త ఆయిల్ పోసి, తాళంచెవి గౌతమి చేతిలో పెట్టాడు. ఆవిడ తిప్పింది. బండి చిన్న గురక పెట్టి లేచింది. గలగల లేదు. వీధి పిల్లలు మొహాలు వేలాడేశారు. బాపిరాజుగారు "నిమ్మకాయల మహిమండీ," అన్నారు, ఎవరూ కాదనలేదు. గౌతమి ఒక చుట్టు తిప్పుకొచ్చి ఆపాక, ఆండాళ్ళుగారు దొరికిన భరిణెతోనే ఒక్క బొట్టు పెట్టి తీరతానని బానెట్ ఎత్తించారు. బిగించిన ముందు మూత మీద వంగి, కళ్ళు చికిలించి, ఒక నామం దిద్దారు. భరిణె జాగ్రత్తగా బొడ్లో దోపుకున్నారు.

"ఒక్క క్షణం ఆగరా ఫణీ, నా—"

"అర్థమైందమ్మా, దణ్ణం పెట్టుకోవాలి. ఇక్కణ్ణుంచే పెట్టుకో, రాహుకాలం వచ్చేస్తోంది," అని ఫణికుమార్ బానెట్ వేసేశాడు.

సోమవారం ఉదయం గౌతమి తొమ్మిదికి పది నిమిషాల ముందే చేపల చెరువుల మధ్యనుంచి వెళ్ళి, తన కారులో, తన స్కూలు గేటు దాటింది. పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. ఆవిడ బండి ఆపబోతుండగా ముందు నుంచి సన్నగా, గాజుది ఏదో దొర్లినట్టు, చిన్న గలగల వినబడింది.

ఆ వేళకి తాడేపల్లిగూడెంలో ఆండాళ్ళుగారు కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.